రాయ్‌పూర్ బారన్ సిన్హా: ఒక బిరుదు, దాని వారసుడి పదకొండేళ్ళ నిరీక్షణ

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలోనూ ఓపిక చేసుకుని వచ్చిన మిత్రులకు, న్యాయశాస్త్రం చదువుకుంటున్న పిల్లలకు నమస్కారం.

నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం బ్రిటన్‌లోని వంశపారంపర్య ప్రభు బిరుదులు, వాటి వారసత్వ క్రమం. ఆ దేశంలో శతాబ్దాల చరిత్ర ఉన్న డ్యూకుల వంశాలు, ఎర్ల్‌ల వంశాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో దేన్ని పట్టుకున్నా కోటలకూ యుద్ధాలకూ కొదవ ఉండదు. వాటన్నిటినీ పక్కన పెట్టి, 1919లో పుట్టిన ఒక చిన్న బిరుదును నేను ఎంచుకున్నాను. తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనుమడు సాఫీగా వచ్చినంత కాలం వారసత్వ ధర్మం ఏమిటో ఎవరికీ కనిపించదు. ఎక్కడో ముడి పడినప్పుడే దాని పోగులు ఒక్కొక్కటిగా బయటపడతాయి. సిన్హా బిరుదుకు ఆ ముడి మొదటి తరంలోనే పడింది. అందుకు కారణం 1880లో బెంగాల్‌లో జరిగిన ఒక హిందూ వివాహం.

బిరుదు పూర్తి పేరు ‘బెంగాల్ ప్రెసిడెన్సీలోని రాయ్‌పూర్ బారన్ సిన్హా’. రాయ్‌పూర్ అనగానే ఛత్తీస్‌గఢ్ రాజధాని మనసులో మెదులుతుంది గాని, ఇది అది కాదు. బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో బోల్పూర్‌కు దగ్గరలో ఉన్న ఒక పల్లె ఇది. సిన్హాలు ఆ పల్లె జమీందార్లు. దేవేంద్రనాథ్ ఠాగూర్ 1863లో శాంతినికేతన్ కోసం ఇరవై బిఘాల భూమిని కౌలుకు తీసుకున్నది ఈ రాయ్‌పూర్ సిన్హాల నుంచే. అదే 1863లో ఆ కుటుంబంలో పుట్టినవాడు సత్యేంద్ర ప్రసన్న సిన్హా.

ఆయన జీవితంలో తొలి ఘట్టాలను తేదీల వారీగా గుర్తు పెట్టుకోమని మిమ్మల్ని కోరుతున్నాను, ఎందుకంటే తరువాత ఇంగ్లండులో పెద్ద పెద్ద న్యాయమూర్తులు సరిగ్గా ఈ తేదీల మీదే కూర్చుని తర్జనభర్జన పడవలసి వచ్చింది. 1880లో, పదిహేడేళ్ళ వయసులో, ఆయనకు గోవిందమోహిని గారితో హిందూ శాస్త్ర ప్రకారం వివాహమైంది. 1881లో చదువు కోసం ఇంగ్లండు వెళ్ళారు. 1886లో లండన్‌లో న్యాయవాదుల సంస్థ అయిన లింకన్స్ ఇన్‌లో బారిస్టర్ అయ్యారు. ఆ 1886లోనే భార్యాభర్తలిద్దరూ ‘సాధారణ బ్రహ్మ సమాజం’ అనే పేరున్న బ్రహ్మ సమాజ శాఖలో చేరారు. 1887లో అరుణ్ కుమార్ అనే కొడుకు పుట్టాడు. పెళ్ళి, బ్రహ్మ సమాజ ప్రవేశం, కొడుకు పుట్టుక: ఈ మూడింటి వరుసే ఈ కథకు ఇరుసు.

ఆపై ఆయన ఎదుగుదల గురించి త్వరగా చెప్పి ముందుకు వెళతాను. బెంగాల్ అడ్వకేట్ జనరల్ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1909లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో న్యాయ సభ్యుడిగా ప్రవేశించిన తొలి భారతీయుడూ ఆయనే. ఆ నియామకం ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తికి ఇష్టం లేకపోయినా, భారత మంత్రి (అంటే లండన్ మంత్రివర్గంలో ఇండియా వ్యవహారాలు చూసేవాడు) మోర్లీ, వైస్రాయి మింటో పట్టుబట్టి సాధించారు. మరుసటి ఏడే ఆయన రాజీనామా చేసి ప్రాక్టీసుకు వెళ్ళిపోయారు. 1915లో ‘సర్’ అయ్యారు, అదే సంవత్సరం చివర బొంబాయిలో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. ఒకే ఏడాదిలో ఆ రెండూ ఒకే మనిషికి దక్కడం ఈనాటి మన కళ్ళకు వింతగా తోస్తుంది, కాని 1915 నాటి కాంగ్రెసులో అది వింత కాదు.

1919లో ఆయనను భారత వ్యవహారాల ఉపమంత్రిగా తీసుకున్నారు. అక్కడ ఒక చిక్కు ఉంది. మంత్రివర్గంలో ఉండేవాడు పార్లమెంటులో ఏదో ఒక సభలో కూర్చోవాలి. భారత మంత్రి మాంటేగు కామన్స్ సభలో ఉన్నాడు. ప్రభువుల సభలో భారత బిల్లును నడిపించే మనిషి కావాలి. కనుక సిన్హాను ప్రభువుగా చేశారు. జీవితకాలానికి మాత్రమే పరిమితమైన పీరేజీని, అంటే ప్రభు హోదాను, రాజకీయ నాయకులకు ఇచ్చే పద్ధతి 1958లో గాని రాలేదు కాబట్టి, ఆయనకు ఇచ్చింది వంశపారంపర్యమైన బారన్ బిరుదు. ఆ ఏడాదే భారత ప్రభుత్వ చట్టం బిల్లును ఆయన ప్రభువుల సభలో దాటించారు. ఒక తాత్కాలిక అవసరం తీర్చడానికి శాశ్వతమైన బిరుదు సృష్టించారన్నమాట. తరువాతి చిక్కులన్నీ ఆ ‘శాశ్వతం’లోనే ఉన్నాయి. వంశపారంపర్య పీరేజీ పొందిన తొలి భారతీయుడు ఆయన, చివరి భారతీయుడూ ఆయనే.

ఇక్కడ కాసేపు ఆగి, బిరుదు అంటే చట్టం దృష్టిలో ఏమిటో చూద్దాం. బ్రిటిష్ పీరేజీలో పై నుంచి కిందికి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్ అని ఐదు మెట్లు ఉన్నాయి; బారన్ అట్టడుగు మెట్టు. పట్టాభిషేక వేళ బారన్ ధరించే కిరీటానికి ఆరు వెండి గోళాలు ఉంటాయి. బిరుదు ఇచ్చే పత్రాన్ని లెటర్స్ పేటెంట్ అంటారు. దానికి రాజ్యపు మహాముద్ర వేలాడుతూ ఉంటుంది. ‘రాయ్‌పూర్ బారన్’ అన్నారు కదా అని ఆ పత్రం ద్వారా రాయ్‌పూర్‌లో ఒక సెంటు భూమి అయినా వచ్చిందనుకోకండి. సిన్హాలకు అక్కడ ఉన్న జమీ వేరు, ఈ బిరుదు వేరు. మన జమీందారీ అలవాటు కొద్దీ ఊరి పేరు వినగానే మనం శిస్తు లెక్క అడుగుతాం. బ్రిటిష్ బిరుదులో ఊరి పేరు మన ఇంటి పేరులా పిలుపు కోసం మాత్రమే ఉంటుంది.

పత్రంలో అసలు ప్రాణం అంతా ఒక్క పదబంధంలో ఉంది. బిరుదు ఈ మనిషికీ, ఆ తరువాత ‘అతని శరీరం నుండి చట్టబద్ధంగా జనించిన పురుష వారసులకూ’ చెందుతుందని అందులో రాస్తారు. ప్రతి మాటా బరువైనదే. శరీరం నుండి జనించాలి కనుక దత్తపుత్రుడు పనికిరాడు. చట్టబద్ధంగా అన్నారు కనుక చెల్లుబాటయ్యే వివాహంలో పుట్టి ఉండాలి. పురుష అన్నారు కనుక కూతురికి రాదు, కూతురి కొడుకుకూ రాదు. వారసులు అన్నారు కనుక, అన్నదమ్ములు పంచుకోవడానికి వీల్లేకుండా, పెద్దకొడుకు ఒక్కడికే వెళుతుంది. మనువు పన్నెండు రకాల పుత్రులను లెక్కించి ఔరసుడిని, అంటే సొంత భార్యకు తనవల్ల పుట్టిన కొడుకును, మొదట నిలిపాడు. బ్రిటిష్ రాజముద్ర ఆ పన్నెండుగురిలో ఔరసుడిని ఒక్కడినే ఉంచుకుని మిగతా పదకొండు మందికీ తలుపు మూసింది. దత్తత విషయంలో ఆ తలుపు ఈనాటికీ తెరుచుకోలేదు. 2004లో వచ్చిన రాజాజ్ఞ వల్ల బిరుదున్న ప్రభువుల దత్త సంతానానికి మర్యాద పూర్వకమైన సంబోధన దక్కింది గాని, బిరుదు మీద హక్కు దక్కలేదు.

మరో సంగతి. ఈ బిరుదును అమ్మడానికి లేదు, దానం చేయడానికి లేదు, వీలునామా రాయడానికీ లేదు. బారన్ తన ఇల్లూ పొలమూ ఎవరికి రాసినా బిరుదు మాత్రం రాజముద్ర చెప్పిన దారినే పోతుంది. మన వైపు అవిభాజ్య జమీందారీలతో దీన్ని పోల్చి చూడటం ఉపయోగం. పిఠాపురం సంస్థానంలోనూ పెద్దవాడికే గద్దె. అయినా, దత్తపుత్రుడు ఉండగా రాజావారు తన కుమారుడు సూర్యారావు గారికి వీలునామాతో సంస్థానం రాసి ఇచ్చినప్పుడు, వివాదం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళి, ఆ వీలునామా చెల్లుతుందని 1899లో తీర్పు వచ్చింది. సంస్థానం అవిభాజ్యమైనా, దాన్ని ఇతరులకు ఇవ్వకూడదనే ఆచారం రుజువు కాలేదు కనుక రాజుగారు తన ఇష్టం వచ్చినవారికి ఇవ్వవచ్చునన్నారు. ఆ సూర్యారావు గారే మన సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకులు. కాకినాడ బ్రహ్మ సమాజానికీ, రఘుపతి వేంకటరత్నం నాయుడు గారికీ అండగా నిలిచినవారు. అంటే రాజు కలం సంస్థానాన్ని కదిలించగలిగింది, బారన్ కలం బిరుదును అంగుళం కూడా జరపలేదు.

ఇప్పుడు సిన్హా దగ్గరకు తిరిగి వద్దాం. 1920లో ఆయన బిహార్, ఒరిస్సా గవర్నర్ అయ్యారు; ఒక బ్రిటిష్ ఇండియా రాష్ట్రానికి భారతీయుడు గవర్నర్ కావడం అదే మొదలు. ఆరోగ్యం సహకరించక 1921లోనే వదులుకున్నారు. 1926లో ప్రీవీ కౌన్సిల్ న్యాయ సంఘంలో చోటు దొరికింది. మన కృష్ణా గోదావరి జిల్లాల భూతగాదాలకు ఆ రోజుల్లో ఆఖరి గడప అదే. 1928 మార్చిలో బెంగాల్‌లోని బహరంపూర్‌లో ఆయన మరణించారు.

తండ్రి పోయిన క్షణమే బిరుదు కొడుకుకు సంక్రమిస్తుందన్నది సిద్ధాంతం. ఆచరణలో మాత్రం, ఆ రోజుల్లో ప్రభువుల సభలో కూర్చోవాలంటే రాజు పేర వచ్చే పిలుపు పత్రం, అంటే రిట్ ఆఫ్ సమన్స్, చేతికి రావలసి ఉండేది. అది రావాలంటే తాను ఫలానావాడి చట్టబద్ధమైన పెద్దకొడుకునని, న్యాయవ్యవస్థకు పెద్ద అయిన లార్డ్ చాన్సలర్‌కు నమ్మకం కలిగించవలసి ఉండేది. సాధారణంగా ఇది ఒక గుమాస్తా పని: తల్లిదండ్రుల వివాహ ధ్రువపత్రం, తన జనన ధ్రువపత్రం, తండ్రి మరణ ధ్రువపత్రం జతచేస్తే సరిపోయేది. చిక్కు ఉంటే రాజుకు అర్జీ పెట్టుకోవలసి వచ్చేది. రాజు దాన్ని అటార్నీ జనరల్‌కు, ఆ తరువాత ప్రభువుల సభకు పంపేవాడు. సభ దాన్ని, హక్కుల వివాదాలు చూసే తన ప్రివిలేజెస్ కమిటీకి అప్పగించేది. అరుణ్ కుమార్ ఈ రెండో దారిన నడవవలసి వచ్చింది.

1880లో బెంగాలీ పెళ్ళికి రిజిస్టరు ఎక్కడిది? పురోహితుడు, అగ్నిసాక్షి, పెళ్ళికి వచ్చిన బంధువులు: సాక్ష్యం అంతే. కాని కాగితం లేకపోవడం చిన్న సమస్య, బంధువుల ప్రమాణ పత్రాలతో దాన్ని సర్దుకోవచ్చు. పెద్ద సమస్య మరొకటి. ఆనాటి హిందూ ధర్మశాస్త్రం పురుషుడికి ఒక భార్య ఉండగానే మరొక భార్యను అనుమతించేది. ఇంగ్లండు కోర్టులు 1866లో హైడ్ అనే ఒక మాజీ మోర్మన్ (ఆనాడు బహుభార్యాత్వాన్ని అనుమతించిన అమెరికా మతశాఖ వాడు) విడాకుల కేసులో వివాహాన్ని ఇలా నిర్వచించి కూర్చున్నాయి: ఒక పురుషుడు, ఒక స్త్రీ, తక్కిన వారెవ్వరికీ చోటు లేకుండా, జీవితాంతం స్వచ్ఛందంగా కలిసి ఉండటమే వివాహం. ఆ కొలబద్దతో కొలిస్తే, రెండో భార్యకు వీలు కల్పించే ఏ వివాహమూ, ఆ మనిషి ఒక్క భార్యతోనే బతుకంతా గడిపినా సరే, వాళ్ళ దృష్టిలో వివాహం కాకుండా పోయే ప్రమాదం ఉంది. వివాహమే కాకపోతే కొడుకు ‘చట్టబద్ధంగా జనించినవాడు’ ఎలా అవుతాడు?

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పకుండా ఉండలేను. సిన్హా ఏ పెళ్ళి చేసుకున్నాడో బిరుదు ఇచ్చిన నాటికే అందరికీ తెలుసు. ఆయన భార్యను లేడీ సిన్హా అని పిలిచారు, విందులకు ఆహ్వానించారు. తండ్రి బతికి ఉన్నంత కాలం ఎవరికీ గుర్తురాని సందేహం ఆయన పోయాక కొడుకు నెత్తిన పడింది. ఇందులో ప్రత్యేకించి ఎవరి దురుద్దేశమూ ఉందని నేను అనను. ఆఫీసు కాగితాల యంత్రం అలా నడుస్తుంది. అయినా యాభై ఏళ్ళు దాటిన మనిషి తన తల్లి పెళ్ళి పెళ్ళేనని పరదేశపు సభలో రుజువు చేసుకోవలసి రావడంలోని అవమానం చిన్నది కాదు.

1939లో కమిటీ ముందు విచారణ జరిగింది. తీర్పు చెప్పింది లార్డ్ చాన్సలర్ మామ్. ఆయన రెండు అడుగులుగా నడిచారు. మొదటిది: ఇండియాలో స్థిరనివాసం ఉన్నవారి మధ్య జరిగిన హిందూ వివాహాన్ని ఇంగ్లండు కోర్టులు గుర్తిస్తాయి, వారి సంతానం సక్రమ సంతానమే, ఆ సంతానానికి ఆస్తి వారసత్వం కూడా ఉంటుంది, పూర్వపు న్యాయమూర్తులు కొందరు వేరే విధంగా అన్నా దీన్ని ఇక శంకించనక్కరలేదు. హైడ్ కేసు నిర్వచనాన్ని విడాకుల వంటి ఉపశమనాలకే పరిమితం చేసి, పిల్లల హక్కుల మీదికి దాని నీడ పడకుండా చూడటమే ఈ మాటల ఫలితం. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసును ఇప్పటికీ ఎక్కువగా ఉదహరించేది ఈ భాగం కోసమే.

రెండో అడుగు మాత్రం జాగ్రత్తగా వేశారు. ఆస్తి సంగతి వేరు, ప్రభు బిరుదు సంగతి వేరు అన్నారు. ఆస్తిని పది మందికి పంచవచ్చు, బిరుదు ఒక్కడికే వెళ్ళాలి. ఒకరికి ఇద్దరు భార్యలు ఉన్నారనుకుందాం. చిన్న భార్యకు ముందు కొడుకు పుట్టాడు, పెద్ద భార్యకు నాలుగేళ్ళ తరువాత పుట్టాడు. ఇద్దరూ సక్రమ సంతానమే. బారన్ ఎవరు? వయసులో పెద్దవాడా, పట్టపురాణి కొడుకా? మన పురాణాలు, సంస్థానాల చరిత్రలు ఈ ప్రశ్నతో నిండి ఉన్నాయి. కైక వరం అడిగిందీ ఈ గద్దె దగ్గరే. ఇంగ్లండు బిరుదుల చట్టానికి మాత్రం అంతవరకు ఆ ప్రశ్న ఎదురుపడలేదు, దానికి జవాబు చెప్పే సరంజామా కూడా దాని దగ్గర లేదు. కనుక బహుభార్యాత్వానికి ఆస్కారం ఉన్న వివాహంలో పుట్టినవాడికి బిరుదు వస్తుందా అన్న విశాలమైన ప్రశ్నను మామ్ తెరిచి ఉంచారు.

అయితే సిన్హాను ఆ ప్రశ్న నుంచి తప్పించింది 1886. సాధారణ బ్రహ్మ సమాజం ఏకపత్నీవ్రతాన్ని కచ్చితంగా పాటించే సంఘం. దంపతులిద్దరూ అందులో చేరడంతో, 1880లో బహుభార్యాత్వానికి అవకాశం ఉన్న వివాహంగా మొదలైనది ఏకపత్నీ వివాహంగా మారిందనీ, ఆ మార్పు వచ్చాకే 1887లో అరుణ్ కుమార్ పుట్టాడనీ, ఆయనకు పోటీగా మరొక భార్య గాని, మరొక భార్య కొడుకు గాని లేరనీ తేల్చి, కమిటీ ఆయన హక్కును అంగీకరించింది. ఆ విధంగా అరుణ్ కుమార్ సిన్హా రెండవ బారన్ అయ్యారు. తండ్రి మరణించి అప్పటికి పదకొండేళ్ళు.

ఈ తీర్పు సరైన చోటికే చేరిందని నేను ఒప్పుకుంటాను, కాని చేరిన దారి నాకు అంతగా రుచించదు. సిన్హా దంపతులు బ్రహ్మ సమాజంలో చేరకుండా, రాయ్‌పూర్‌లోని తమ ఇంటి పూజలతోనే ఉండిపోయి ఉంటే ఏమయ్యేది? ఒకే భార్య, ఒకే వరుస పిల్లలు, అయినా పిలుపు పత్రం వచ్చేదో రాదో. ఇరవై మూడేళ్ళ యువకుడు మతవిశ్వాసంతో చేసుకున్న ఒక నిర్ణయం, యాభై మూడేళ్ళ తరువాత కొడుకు సభాసభ్యత్వానికి ఆధారమైంది. ఆ సంతకం పెట్టిన నాడు ఆయన మనసులో బారన్ కిరీటం లేదన్నది మాత్రం నిశ్చయం. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చి రెండో పెళ్ళిని నేరం చేశాక మన వైపు నుంచి ఇలాంటి ప్రశ్న పుట్టే దారే మూసుకుపోయింది.

మిగతా వరుసను క్లుప్తంగా చెబుతాను. అరుణ్ కుమార్ 1967లో మరణించగా బిరుదు సుధీంద్ర ప్రసన్న సిన్హాకు, ఆయన తరువాత 1989లో ఆయన కుమారుడు సుశాంత ప్రసన్న సిన్హాకు వెళ్ళింది. సుశాంత 1992లోనే, నలభై ఏళ్ళు నిండకుండానే మరణించారు. అప్పుడు బిరుదు కిందికి దిగలేదు, పైకి ఎక్కింది: ఆయన పినతండ్రి, 1930లో పుట్టిన అనింద్య కుమార్ సిన్హా ఐదవ బారన్ అయ్యారు. అన్న కొడుకు తరువాత బాబాయి రావడం చూసి కొందరు తికమక పడతారు. పత్రాన్ని మళ్ళీ చదవండి: వెతకవలసింది చివరి బారన్ వారసుడిని కాదు, మొట్టమొదటి బారన్ శరీరం నుండి వచ్చిన పురుష శాఖలను. పెద్ద శాఖలో మగవాడు లేకపోతే దాని పక్క శాఖకు, అక్కడా లేకపోతే మరో పక్కకు, సత్యేంద్ర ప్రసన్న దాకా వెనక్కి నడుస్తూ పోవాలి. 1999లో అనింద్య మరణించగా ఆయన కుమారుడి వంతు వచ్చింది. ఆ సంవత్సరమే ప్రభువుల సభ చట్టం వచ్చి, 92 మందిని మినహాయించి, వంశపారంపర్య సభ్యులందరి స్థానాలనూ రద్దు చేసింది. ఏ కుర్చీ కోసం అరుణ్ కుమార్ పదకొండేళ్ళు ఎదురుచూశారో, ఆ కుర్చీ మనుమల నాటికి పోయింది.

సభ మొదలయ్యే ముందు ఒక మిత్రుడు నన్ను అడిగారు: రేపు ఈ వంశంలో మగ సంతానం ఎవరూ మిగలకపోతే ఆ బిరుదు ప్రభుత్వానికి తిరిగి పోతుందా, ఇంకెవరికైనా ఇస్తారా అని. వారసుడు లేని జమీ సర్కారుకు పోవడం మనం విన్నదే కనుక ఆ ప్రశ్న సహజం. బిరుదు అలా తిరిగి పోదు. మొదటి బారన్ కొడుకుల శాఖల్లో ఎక్కడా మగవాడు లేడని తేలిన రోజున అది ఆరిపోతుంది. అదే పేరుతో మళ్ళీ ఒక బారన్‌ను చేయాలంటే రాజు కొత్త పత్రం రాసి, కొత్త ముద్ర వేసి, లెక్కను మళ్ళీ ఒకటో బారన్ నుంచి మొదలుపెట్టవలసిందే.